తమ్ముడి పేరు మీద

“ఆడపిల్లదేమిటండీ? అది మా అబ్బాయిది,” అంటోంది మా కోడలు ఫోన్లో.

కుళాయి తిప్పినది తిప్పినట్టే ఉంది. గిన్నె నిండి, నీళ్ళు గట్టు మీంచి కారి తన పాదాల మీద పడుతున్నాయి. ఆ సంగతి తనకి తెలియనే లేదు. నేనే వెళ్ళి కుళాయి కట్టేశాను.

“పేరు సరిగ్గా చూశారా? వేరే ఎవరిదైనా కలిసిపోయిందేమో చూడండి. నా ఎదురుగా కాదండీ, నేను షాపుకి వెళ్ళాను. వాళ్ళ నాన్నగారే దగ్గరుండి...” అని ఆగిపోయింది.

తరువాత చాలాసేపు ఊఁ, ఊఁ అనడమే. ఆఖరికి, “ఇద్దర్నీనా? ఇద్దర్నీ ఎందుకండీ?” అంది. అవతల డాక్టరమ్మ ఏం చెప్పిందో గాని ఫోను పెట్టేసి, తడి కాళ్ళతో అలాగే నిలబడిపోయింది.

“అత్తయ్యా, ఆ గొట్టంలో ఉమ్మింది వీడు కాదట.”

“మరెవరట?”

“ఆడపిల్లట.”

ఉమ్మిలో ఆడా మగా ఉంటుందని నాకు ఈ వయసులో తెలిసింది. మా కాలంలో ఉమ్మితే తిట్లు పడేవి. ఇప్పుడు దాన్ని గొట్టంలో పట్టి, మూత బిగించి, పేరు రాసి పంపితే అందులోంచి వంశం మొత్తం లాగుతున్నారు.

మా వంశంలో లాగడానికి ఉన్నది ఒకటే. పెద్దపేగులో చిన్న చిన్న కాయల్లాంటివి గుత్తులు గుత్తులుగా పుడతాయి. పుట్టినప్పుడు ఏమీ చెయ్యవు. కూర్చుని కూర్చుని, ఏదో ఒక నాటికి క్యాన్సరై లేస్తాయి. మా ఆయన్ని తీసుకుపోయింది అదేనని మాకు పోయినేడు, మా వాడికి, అంటే నా కొడుక్కి, పేగు తీసేసినప్పుడే తెలిసింది. కన్న బిడ్డలకి రావచ్చు, రాకపోవచ్చు. బొమ్మా బొరుసా అన్నట్టే. గళ్ళ డాక్టరమ్మ అలాగే చెప్పింది. కాగితం మీద మగవాళ్ళకి గళ్ళు, ఆడవాళ్ళకి గుండ్రాలు గీసి, జబ్బున్నవాళ్ళకి నలుపు పూసిన డాక్టరమ్మ. అందుకే ఆవిడకి ఆ పేరు పెట్టాను. నా గుండ్రం తెల్లగానే ఉంది. నా పక్క గడి నలుపు. దాని కింద మా వాడి గడీ నలుపే. ఆ కింద మనవరాలిదీ మనవడిదీ ఇంకా ఏమీ పూయకుండా వదిలేసింది.

పిల్లలిద్దరికీ ఉమ్మి పరీక్ష చేయిస్తే మంచిదని ఆవిడ మొదటి రోజే అంది. కోడలు మాత్రం పిల్లాడికొక్కడికే చాలంది. మా వాడు ఎవరికీ వద్దన్నాడు. ఆ గొడవ చాలా రోజులు నడిచి, ఆఖరికి కోడలి మాటే నెగ్గింది.

కోడలు పిలవకముందే మనవరాలు వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఇంట్లో దాన్ని పిచ్చుక అంటాం. పుట్టినప్పుడు అంతే ఉండేది. ఇప్పుడు వాళ్ళమ్మ భుజం దాటింది.

“నేనే ఉమ్మాను,” అంది.

కొందరు పిల్లలు తప్పు చేసి నంగనాచి మొహాలు పెడతారు. ఇది అలా కాదు. చేతులు కట్టుకుని నిలబడి చెప్పేస్తుంది. అదే వాళ్ళమ్మకి ఇంకా మండుతుంది.

“ఎందుకే?”

“వాడి నోరు ఎండిపోయింది. అరగంట ముందునుంచీ ఏమీ తాగకూడదన్నారు కదా. ఎంత ప్రయత్నించినా నురగే వచ్చింది. గొట్టం మీద గీత దాకా రావాలి. నాన్న కిందికి వెళ్ళారు. నువ్వు లేవు.”

“నాన్న కిందికి వెళ్ళారా?”

“ఎవరో కారు నేర్చుకునే ఆయన వచ్చాడు.”

కోడలు ఆ మాటని ఒక పక్కన పెట్టినట్టు తల ఊపింది. అది మొగుడి కోసం దాచుకుంది. ముందు కూతురి సంగతి చూడాలి.

“నీకు బుద్ధుందా? నీ ఉమ్మి చూసి, ఏమీ లేదని చెప్పారనుకో. వాడికి లేదని సంబరపడేవాళ్ళం. ఏ డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళేవాళ్ళం కాదు. లోపల అవి పెరుగుతుంటే వాడు బంతాట ఆడుకుంటూ ఉండేవాడు. తెలుస్తోందా నేను చెప్పేది?”

“ఫలితం వచ్చాక చెబుదామనుకున్నా.”

“వచ్చాక చెబుతావా?”

“అమ్మా,” అంది పిచ్చుక. గొంతు మారింది. “అంటే నా సంగతి తెలిసిపోయిందా?”

అంతవరకూ కోడలికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. పిల్లాడిది కాదనే చూశాం గాని, మరి అది ఈ పిల్లదైతే దాని సంగతి అందులో ఉన్నట్టే కదా అని మా ఇద్దరి బుర్రలకీ అందలేదు.

కోడలు గట్టు పట్టుకుంది. కూతురి మొహం చూస్తోంది. నుదురు, ముక్కు, పై పెదవి, గడ్డం కింద చిన్న నొక్కు. అద్దంలో చూసుకున్నట్టుంటుంది తనకి ఆ మొహం.

“వెళ్ళి చదువుకో,” అంది.

“ఆవిడ ఏమన్నారు?”

“వెళ్ళవే.”

పిచ్చుక వెళ్ళింది. పుస్తకం తెరిచిన చప్పుడు మాత్రం వినిపించలేదు.

* * *

మా వాడు కారు నడపడం నేర్పుతాడు. ఊరంతా మాస్టారంటారు. ఆ కారులో తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు ఎటు పోనిచ్చినా ఇక్కణ్ణించి ఆపొచ్చు. పేగు తీసేశాక నెల దాటీ దాటకుండానే మళ్ళీ సీట్లో కూర్చున్నాడు. ఇప్పుడు ఏ వీధిలో ఏ పెట్రోలు బంకు బాత్రూము శుభ్రంగా ఉంటుందో తనకి తెలిసినంత మరొకరికి తెలియదు. పాఠం తిప్పే దారులన్నీ వాటి పక్కనుంచే పోతాయి. నేర్చుకునేవాళ్ళు అదేదో కొత్త పద్ధతనుకుంటారు.

ఆ సాయంత్రం చెప్పులు విప్పుతూ ఉండగానే కోడలు మొదలుపెట్టింది.

“ఆ రోజు మీరు కిందికి ఎందుకు వెళ్ళారు?”

“ఏ రోజు?”

“పిల్లాడి ఉమ్మి పట్టిన రోజు. పక్కనే కూర్చోండి, గీత దాకా వచ్చాక మూత మీరే బిగించండి అని చెప్పి మరీ వెళ్ళాను.”

“ఆయనకి మర్నాడు లైసెన్సు పరీక్ష. వెనక్కి తీయడం రాదు. కాస్త చూడండి మాస్టారూ అని బతిమాలాడు.”

“ఆయన వెనక్కి బాగా తీశాడా?”

“ఆఁ.”

“మన ఇంట్లో ఉమ్మి కూడా బాగానే తీశారు. తమ్ముడి గొట్టంలో అక్క ఉమ్మింది. ల్యాబు వాళ్ళు పట్టుకున్నారు.”

మా వాడు రెండో చెప్పు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు. కోడలు చెప్పింది చెప్పినట్టు విన్నాడు. మధ్యలో ఒక్కసారే అడ్డం వచ్చాడు.

“ఫోన్లో ఆవిడ గొంతు ఎలా ఉంది?”

“మామూలుగా ఉంది.”

“మామూలుగా అంటే?”

“మరీ మామూలుగా ఉంది.”

ఇద్దరూ ఆ మాట దగ్గరే ఆగిపోయారు. డాక్టర్లు మరీ మామూలుగా మాట్లాడారంటే మంచిదో చెడ్డదో మా ఇంట్లో ఇంకా ఎవరికీ అంతుబట్టలేదు.

“ఇద్దర్నీ తీసుకురమ్మంది,” అంది కోడలు. “ఏమీ లేకపోతే ఎందుకు రమ్మంటుంది? లేదని ఫోన్లోనే అనొచ్చుగా?”

“ఉంటే మాత్రం ఫోన్లో అనరుగా.”

“అదే నేనూ అంటున్నాను.”

“నువ్వు అన్నది అది కాదు.”

“కావాలనే వెళ్ళిపోయారు మీరు,” అంది కోడలు, ఉన్నట్టుండి. “మీకు మొదటినుంచీ ఇష్టం లేదు. మీరు లేకపోతే పని కాదు, గొట్టం ఖాళీగా ఉంటుందనుకున్నారు.”

మా వాడి కుడికాలు నేలని నొక్కుతోంది.

రెండో చెప్పు విప్పి నెమ్మదిగా అన్నాడు. “అయిందేదో అయింది. రేపు వెళ్దాం. ఇద్దరికీ చేయిద్దాం. ఇక దాచేదేముంది?”

“ఇద్దరికీ వద్దు. పిల్లాడికి మళ్ళీ పడదాం. అమ్మాయిది పారెయ్యమందాం.”

“మొన్నటిదాకా చేయించాలి, చేయించాలి అని నా ప్రాణం తీసింది నువ్వు. వద్దన్నది నేను.”

“పిల్లాడికి చేయించాలన్నాను.”

“పిల్లాడికి ఎందుకు, దానికి ఎందుకొద్దు?”

“వాడు మీ పోలిక. ఆ చెవులు మీవి, నడక మీది, నిద్రలో పళ్ళు కొరకడం మీది. పుట్టినప్పుడు నర్సు కూడా అంది, అచ్చు గుద్దినట్టున్నాడని. అది అలా కాదు. దానిలో మీదేముంది, చూపించండి. అది నా పిల్ల.”

“అయితే వాడు ఎవరి పిల్లాడు?”

కోడలు పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

గోడలకి చెవులుంటాయంటారు. మా ఇంట్లో గుమ్మానికి ఉన్నాయి. వీధి గుమ్మంలో మనవడు బంతి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడు బొంగరం. ఒక్కచోట నిలవడు గనక ఆ పేరు. అప్పుడు మాత్రం మేకు దిగినట్టు నిలబడ్డాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు.

“ఆకలేస్తోంది,” అన్నాడు.

ముగ్గురం ఒక్కసారే లేచాం.

* * *

మర్నాడు పొద్దున బస్సెక్కాం. మా వాడు తన కారు తీయలేదు. ఆ రోజు నడపలేనన్నాడు. పిల్లలిద్దరూ వాళ్ళ నాన్నతో వెనక సీట్లో కూర్చున్నారు. కోడలూ నేనూ ముందు. తను కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. ఎవరు ఎదురుపడ్డా ముందు మొహం వెడల్పు చూస్తుంది, తరువాతే పలకరిస్తుంది. ఆ రోజు మాత్రం ఎవర్నీ చూడలేదు. చేతిసంచీ జిప్పు లాగడం, మూయడం, లాగడం.

నాకు నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఇది రాత్రంతా నానబెట్టాను.

“అమ్మాయ్, మీ మామగారి అమ్మని నువ్వు చూడలేదు కదూ?”

“ఫోటోలో చూశాను.”

“ఆ ఫోటో పక్కన మీ మామగారిని నిలబెడితే, మీసం తీసేస్తే ఆవిడే. ఆ కళ్ళూ, ఆ నవ్వూ, కోపమొస్తే ముక్కు పుటాలు అదరడం, అన్నీ అమ్మవే. వాళ్ళ నాన్న పోలిక వెతికినా దొరికేది కాదు. ఆయన నల్లగా, పొడుగ్గా, గడకర్రలా ఉండేవాడు. కడుపునొప్పి, కడుపునొప్పి అంటూ మంచాన పడి పోయాడు. ఇది కడుపులో పుండులే, వాడు తల్లి పోలిక, వాడికేం రాదు అన్నారందరూ. పెళ్ళినాటికి నాతోనూ అదే చెప్పారు. ఆ తల్లి నిండు నూరేళ్ళు బతికింది. ఒక్క రోజు మంచాన పడకుండా పోయింది.”

కోడలు జిప్పు లాగడం ఆపింది.

“మొహం అమ్మది వచ్చింది,” అన్నాను. “లోపలిది నాన్నది వచ్చింది.”

రెండు స్టాపులు వచ్చాయి, పోయాయి. ఎవరో ముసలాయన ఎక్కుతూ కర్ర నా కాలి మీద పెట్టి, తప్పయిందమ్మా అన్నాడు. కోడలు కిటికీలోంచి చూస్తూ అంది.

“అది నాలా ఉందని ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని పడుకోగలిగాను అత్తయ్యా. ఒక్కళ్ళయినా తప్పించుకున్నారు అనుకుని. మీరు అది కూడా తీసేసుకున్నారు.”

తనకి చెప్పడానికి ఏమైనా ఉంటే మీరు చెప్పండి.

* * *

గళ్ళ డాక్టరమ్మ గదిలో కుర్చీలు నాలుగే. బొంగరం నా ఒళ్ళో కూర్చునే వయసు దాటిపోయాడు గాని, కుర్చీ చేతి మీద కూర్చుని నా భుజానికి ఆనుకున్నాడు. బల్ల మీద రెండు కొత్త గొట్టాలు, మూతలతో సహా, పెట్టి ఉన్నాయి.

“ముందు ఒక్క మాట,” అంది డాక్టరమ్మ. “ఆ నమూనాలో ఏముందో నాకు తెలియదు. ల్యాబు వాళ్ళు నాకు పంపలేదు. మగపిల్లాడి పేరు మీద ఆడపిల్ల నమూనా వచ్చిందని తేలగానే అక్కడికక్కడ ఆపేశారు. మీరు రాత్రంతా నా గొంతు గురించి ఆలోచించి ఉంటారు.”

మా వాడూ కోడలూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోలేదు.

“నిజంగా చూడలేదా?” అంది కోడలు.

“నిజంగా. ఒప్పుకోని మనిషిది నేను చూడకూడదు. ఆ నమూనా పారేస్తారు. ఇప్పుడు కొత్తగా మొదలుపెడదాం. ఎవరికి కావాలి, ఎవరికి వద్దు. అది తేల్చుకోవడానికే పిల్లల్ని కూడా రమ్మన్నాను.”

“పిల్లాడిది తీసుకోండి,” అంది కోడలు. “అమ్మాయిది...”

“నాకు కావాలి,” అంది పిచ్చుక.

డాక్టరమ్మ కుర్చీ దాని వైపు తిప్పుకుంది. “ఎందుకు కావాలో చెబుతావా? సరైన జవాబంటూ ఏమీ లేదు.”

“ఇంట్లో వాడి గురించి మాట్లాడుకుంటారు. వాడికి కడుపులో నొప్పంటే చాలు, అందరూ లేస్తారు. నాకు నొప్పంటే పరుగెత్తి ఉంటావులే అంటారు. నీకేం, నువ్వు మీ అమ్మ పోలిక అంటారు. నాన్నకి కూడా ఆపరేషను ముందు వారం దాకా అందరూ నీకేం, నీకేం అనే అన్నారు.”

ఇది నిజం. నేనే సాక్షిని.

“ఉందని తేలితే?” అంది డాక్టరమ్మ.

“ఏటా కెమెరా గొట్టం వేసి చూస్తారు. ఎక్కువైతే పేగు తీసేస్తారు. నాన్నకి తీసేశారు. నాన్న పనికి వెళ్తున్నారు.”

“ఇవన్నీ నీకెవరు చెప్పారు?”

“మీరే. పోయినసారి వీళ్ళకి చెబుతుంటే నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. మీ తలుపు సరిగ్గా పడదు.”

డాక్టరమ్మ లేచి వెళ్ళి తలుపు గట్టిగా నెట్టి వచ్చింది. నాకు నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదని మింగేశాను.

“ఏమీ లేదని తేలితే?” అంది కూర్చుంటూ.

పిచ్చుక దీనికి మాత్రం కొంచెం ఆలోచించింది. “అప్పుడు వాడికి తోడు నేనుండను,” అంది. “అది కూడా ఆలోచించాను.”

కోడలు చేతిసంచీ ఒళ్ళోంచి తీసి కింద పెట్టింది. “నువ్వు ఇంకా చిన్నపిల్లవి,” అంది. “చదువైపోనీ. ఉద్యోగం రానీ. ఆ తరువాత నీ ఇష్టం.”

“అమ్మా, అప్పటిదాకా నా లోపల ఆగుతుందా?”

“అలా మాట్లాడకు.”

“తెలుసుకోవడం నీకు భయం. నాకు తెలుసుకోకపోవడం భయం. ఇద్దరివీ భయాలే. నాది నీ దానికంటే ఎందుకు తక్కువ?”

మా వాడు, “రాయండి డాక్టరుగారూ, ఇద్దరికీ,” అన్నాడు.

“నాన్న అంటే సరిపోదు,” అంది పిచ్చుక, వాళ్ళమ్మనే చూస్తూ. “నువ్వు కూడా అనాలి. తరువాత ఏది తేలినా, నువ్వే చేయించుకున్నావు అని నా మీద పెట్టకూడదు.”

ఆ పిల్ల వాళ్ళమ్మతో అంత సూటిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. కోడలు కూతురి చెయ్యి పట్టుకుంది. తన వేళ్ళూ కూతురి వేళ్ళూ ఒక్కలాగే ఉంటాయి, పొడుగ్గా, సన్నగా, చివర కాస్త వంగి. ఏవి ఎవరివో తెలియకుండా కలిసిపోయాయి.

“సరే,” అంది.

డాక్టరమ్మకి వినపడలేదు. “ఏమిటమ్మా?”

“సరే అన్నానండీ. తీసుకోండి.”

పిచ్చుక గొట్టం అందుకుని, గోడ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా గీత దాకా నింపింది. మూత బిగించి, డాక్టరమ్మ చెప్పకముందే అటూ ఇటూ ఊపింది. ఒకసారి అలవాటైన పని కదా. దాని పేరు దాని గొట్టం మీద పడింది. వాళ్ళమ్మ ఆ గొట్టం వైపు చూడలేదు గాని, కూతురి చెయ్యి మళ్ళీ అందుకుంది.

“ఇక నువ్వు,” అంది డాక్టరమ్మ, రెండో గొట్టం మూత తీసి బొంగరానికి ఇస్తూ. “ఈసారి కంగారు లేదు. నోరు ఎండితే పుల్లటిదేదైనా తలుచుకో. ఎంతసేపైనా కూర్చో.”

బొంగరం చెయ్యి చాపలేదు. పెదవులు లోపలికి మడిచి, పళ్ళతో పట్టుకున్నాడు. వాడి భుజం నా భుజానికి గట్టిగా నొక్కుకుంది.

“తీసుకో నాన్నా,” అంది కోడలు.

తల అడ్డంగా ఊపాడు.

“అక్క ఇచ్చిందిగా. ఏముంది, ఉమ్మడమేగా. వీధిలో రోజూ ఉమ్ముతావు, తిట్టినా వినవు.”

“నాకు వద్దు.”

“నోరు ఎండిపోయిందా?”

“ఎండలేదు.” వాడు అక్క వైపు చూశాడు. “అప్పుడూ ఎండలేదు.”

“ఒరేయ్,” అంది పిచ్చుక మెల్లగా. “చెప్పొద్దన్నాను కదరా.”

“నేనే అడిగాను అక్కని,” అన్నాడు బొంగరం. “నాన్న కిందికి వెళ్ళగానే అడిగాను. నువ్వు ఉమ్మవా, నాకు తెలుసుకోవాలని లేదు అన్నాను. వద్దంది. మళ్ళీ అడిగాను.”

కోడలు కూతుర్ని చూసింది. నిన్నటినుంచీ దాన్ని అన్న మాటలన్నీ ఆ చూపులో వెనక్కి వస్తున్నాయి. పిచ్చుక నేల చూపులు చూస్తోంది. తనకి తెలుసుకోవాలని ఉంది, వాడికి లేదు. ఆ ఒక్క గొట్టంతో ఇద్దరి పనీ అవుతుందనుకుంది పాపం.

“పరీక్ష వద్దంటే,” అంది డాక్టరమ్మ, గొట్టం బల్ల మీద పెడుతూ, “నీకు ఉందనుకునే మేం చూసుకోవాలి. ఏటా ఆ కెమెరా గొట్టం వేయించుకోవాలి. ముందు రోజు తిండి ఉండదు. కడుపు కడిగే మందు తాగాలి. అది బాగుండదు. పరీక్షలో లేదని తేలితే అవేమీ అక్కర్లేదు.”

“వేయించుకుంటా.”

“మందు?”

“తాగుతా. నాన్న తాగాడుగా.”

“మరి తెలుసుకోవడానికేం?” అంది కోడలు. గొంతు పైకి లేచింది, మళ్ళీ దించుకుంది. “అంత బాధా పడతానంటావు, ఇంత చిన్న పని చెయ్యనంటావు. డాక్టరుగారూ, వీడికేం తెలుసు. మేం చెబుతున్నాం, మీరు తీసుకోండి.”

“నోరు తెరిపించి తీసుకోనమ్మా,” అంది డాక్టరమ్మ. “ఈ వయసులో వద్దన్నదీ ఒక మాటే. ఎందుకు వద్దంటున్నాడో ముందు విందాం.”

బొంగరం బూటు ముక్కుతో కుర్చీ కాలిని పొడుస్తున్నాడు. వాళ్ళ నాన్న కుర్చీలోంచి ముందుకి వంగి వాడి మోకాలి మీద చెయ్యి వేశాడు.

“నాకు కూడా వద్దనే ఉండేదిరా,” అన్నాడు. “భయమా?”

“భయం కాదు.”

“మరి?”

“ఉందని తెలిస్తే, మీరందరూ నాన్నని చూసినట్టు నన్నూ చూస్తారు.”

మా వాడి చెయ్యి మోకాలి మీదే ఉంది. కోడలు కొంగు అంచు వేళ్ళకి చుట్టుకుంటోంది. నేను నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల మీద ఉన్న గొట్టం వైపు చూశాను.

“నన్ను ఎలా చూస్తున్నార్రా?” అన్నాడు మా వాడు. నవ్వుతూ అడగాలనుకున్నాడు. నవ్వు సగంలో తెగింది.

“నువ్వు వస్తే టీవీ చప్పుడు తగ్గిస్తారు. నువ్వు బాత్రూములోకి వెళ్తే అమ్మ పని ఆపేసి వింటుంది. నువ్వు జోకు వేస్తే నాయనమ్మ ముందే నవ్వేస్తుంది. నేను బంతి తగిలిస్తే తిట్టవు, అమ్మ నన్ను తిడుతుంది. నువ్వు ఇక్కడే ఉంటావు, కానీ...”

వాడు ఆగాడు. అక్క వైపు చూశాడు. అది తల ఎత్తలేదు.

“కానీ ఏమిట్రా? చెప్పు. ఏమీ అనను.”

“గోడ మీద తాతయ్య ఫోటోని చూసినట్టు చూస్తారు నాన్నా.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. మా వాడు కొడుకు మోకాలి మీంచి చెయ్యి తీసి, తలెత్తి, మొదట పెళ్ళాన్నీ తరువాత నన్నూ చూశాడు. ఆ ఏడాదిలో మొదటిసారి మేమిద్దరం వాడి కళ్ళలోకి తిరిగి చూడాల్సి వచ్చింది. ఎలా చూడాలో మాకు తెలియలేదు.